లినో మీద ‘పాలమూరు’ చెక్కితే ‘వాలమూరు’ అని పడింది: చేత్తో కుట్టే పుస్తకానికి సలహాలు కావాలి

అచ్చుగుద్దు (నల్లగొండ) | శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్తే. నేను బడిలో డ్రాయింగ్ చెప్తాను. మేం తొమ్మిది మందిమి కలిసి ఒక పుస్తకం చేద్దామనుకున్నాం. ఐదుగురు నల్లగొండ వైపు, నలుగురు పాలమూరు వైపు. ఒక్కొక్కరు మనవైపు మాట ఒకటి పట్టుకోవాలి, ఆ మాటకు ఒక అచ్చుబొమ్మ చెయ్యాలి. దూప (దాహం), మోట, గొంగడి, కచ్చురం (ఎడ్లబండి), సర్వపిండి, ఇట్లా. మొత్తం 50 కాపీలు. తలా ఐదు తీసుకుంటే 45 పోతాయి, మిగిలిన ఐదు లైబ్రరీలకు. కంప్యూటర్ ప్రింటు ఒక్క పేజీ కూడా ఉండొద్దన్నది మా పట్టుదల.

మొదటి పేజీకి ‘పాలమూరు’ అని నేనే లినో (అచ్చు కోసం చెక్కే మెత్తటి షీటు) మీద చెక్కాను. మొదటిసారి తిన్నగా చెక్కి తిరగేసి అద్దుకున్నాను. అద్దంలో చూస్తే తప్ప చదవలేం. మా పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పే పాఠమే అది, నేనే తప్పాను. రెండోసారి ట్రేసింగ్ పేపరు బోర్లేసి, జాగ్రత్తగా రెండు సాయంత్రాలు కూర్చుని చెక్కాను. కాగితం లేపితే ‘వాలమూరు’! ‘ప’ పైన ఉండే సందు ఇంకుతో పూడిపోయింది. మా ఆయన చూసి “వాలిపోయిన ఊరా?” అన్నాడు.

ప్రెస్ లేదు, గరిటె వెనకవైపుతో రుద్దుతున్నాను. ఇంకు ఏది వాడాలి, బైండింగ్ ఎట్లా, ధర పెట్టాలా వద్దా, అన్నీ చెప్పండి.

పాత కంపోజిటర్ (మిర్యాలగూడ) | శనివారం రాత్రి 10.25

అమ్మా, మీ తప్పు మా నాటి నుంచీ ఉన్నదే. ‘ప’ను ‘వ’ చేయనివాడు ప్రెస్సులో లేడు. పెళ్లి కార్డుల్లో ‘పద్మ’ను ‘వద్మ’ చేసి తిట్లు తిన్నవాణ్ని.

రెండు పొరపాట్లు కలిశాయి మీకు. ఒకటి, ఇంకు ఎక్కువ పట్టించారు. రెండు, గరిటెతో గట్టిగా రుద్దేసరికి ఆ ఇంకు సందులోకి పిండుకుపోయింది. చెక్కేటప్పుడు ‘ప’ సందును మీ కంటికి ఎబ్బెట్టుగా అనిపించేంత వెడల్పు చెయ్యండి. అచ్చులో అది సరిగ్గా కనిపిస్తుంది. ‘మ’, ‘య’, ‘ఘ’లకూ అంతే. ఒత్తులైతే ఇంకా దూరం పెట్టాలి.

రోలరుకు ఇంకు సరిపోయిందా లేదా అన్నది కళ్లతో చూడకండి, చెవితో వినండి. అద్దం మీద రోలరు ఆడిస్తుంటే సన్నజల్లు రేకుల మీద పడ్డట్టు చిటచిటమనాలి. పచపచమని బురదలో కాలేసిన చప్పుడొస్తే ఇంకు ఎక్కువైనట్టే.

కొత్తపిల్ల (వనపర్తి) | శనివారం రాత్రి 10.52

నేను బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) మూడో సంవత్సరం. కాలేజీలో ఎచింగ్ ప్రెస్ (లోహపు పలక మీది బొమ్మను రోలర్లతో నొక్కి అచ్చేసేది) ఉంది, సెలవుల్లో ఇంటికొస్తే ఏమీ లేదు. ఒక పిచ్చి ప్రశ్న, నవ్వకండి. మా సందు చివర చెరుకు రసం మిషన్ ఉంది. రెండు రోలర్ల మధ్య నుంచే కదా ప్రెస్సులో కూడా ప్లేటు పోవాల్సింది? ఆ బండి అన్న ఖాళీగా ఉన్నప్పుడు ఇస్తానన్నాడు.

దబ్బనం (మహబూబ్‌నగర్) | శనివారం రాత్రి 11.10

నవ్వాను చెల్లె, ఏమనుకోకు. చెరుకు మిషన్ రోలర్లకు గాళ్లుంటాయి, గడ జారకుండా పట్టుకోవడానికి. ఆ గాళ్లన్నీ నీ బొమ్మ మీద గీతలై పడతాయి. పైగా మధ్యలో పలకను మోసే బల్ల ఉండదు. రోలరు ఇనుముదైనా, నున్నగా, సమంగా, కింద కదిలే పలకతో ఉంటేనే ప్రెస్ అవుతుంది. అయినా చెరుకు తీపి అంటిన కాగితాన్ని చీమలు కాపీలన్నీ పూర్తయ్యేదాకా ఉండనివ్వవు.

ఇక బైండింగ్ సంగతి. కాగితం కొనేముందే నార ఎటు ఉందో చూసుకోండి. అగ్గిపెట్టంత ముక్క కత్తిరించి ఒకవైపు తడి చేస్తే చుట్టుకుంటుంది. ఆ చుట్ట ఏ దిక్కున నిలువుగా ఉంటే నార ఆ దిక్కున ఉన్నట్టు. పుస్తకం వెన్నుకు నార సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పెట్టారో, పేజీ తిప్పిన ప్రతిసారీ లేచి నిలబడుతుంది, వానకాలం వస్తే అప్పడంలా వంకర తిరుగుతుంది.

జిగురుకు మైదా ఉడకబెట్టండి, అందులో చిటికెడు మైలుతుత్తం. పురుగు, ఎలుక రెండూ దూరం. మా నాన్న లెక్కల పుస్తకాలు కుట్టేవాడు. ఎర్రగుడ్డ అట్టవి, షావుకార్లకు. ఆ పుస్తకాలు ఇప్పటికీ కొన్ని కొట్లల్లో అటక మీదున్నాయి. అట్ట రంగు పోయింది కానీ కుట్టు ఊడలేదు. జిగురు ఉడికేటప్పుడు పిల్లల్ని దగ్గరకు రానివ్వద్దు, తుత్తం విషం. వంటగిన్నెలో అసలే చెయ్యొద్దు.

దారం చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరుకుతుంది. మైనం రాసి వాడండి. చిల్లులకు ఆరె, కుట్టడానికి సన్న దబ్బనం.

గొంగడి (నారాయణపేట దగ్గర) | ఆదివారం ఉదయం 6.35

పొద్దున్నే లేచి చదివాను, మంచి ముచ్చట. నాకు ‘గొంగడి’ మాటే కావాలని ముందే అడిగి తీసుకున్నాను, అందుకే ఈ పేరు కూడా.

లినో మీద ఉన్ని బొమ్మ చెక్కడానికి వారం కొట్లాడాను. ఎంత సన్నగా గీతలు గీసినా గడ్డిలాగే వచ్చింది, ఉన్నిలా రాలేదు. చివరికి మా తాత గొంగడి అంచు చిరిగి ఉంటే అందులోంచి జానెడు ముక్క కత్తిరించాను. అమ్మ అరిచింది, అది వేరే కథ. అట్ట మీద ఫెవికాల్‌తో అంటించి, ఆరాక వడ్రంగి దగ్గర దొరికే లక్క పాలిష్ రెండు పూతలు వేశాను. గట్టిపడ్డాక ఇంకు రాసి, పైపైన గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం వేసి అద్దాను. దీన్ని కొలాగ్రాఫ్ అంటారట. నాకైతే ఆ పేరు తర్వాత తెలిసింది.

కాగితం లేపి చూస్తే ప్రతి పోగూ పడింది! నల్ల గొర్రె ఉన్ని ముతక, ముడులు, మధ్యలో ఒకచోట తాత చుట్ట నిప్పురవ్వ పడి కాలిన రంధ్రం కూడా తెల్లగా వచ్చింది. ఆ రంధ్రం మీద నేను ఏమీ చెయ్యలేదు. బొమ్మలో చూసేవాళ్లు మొదట దాన్నే అడుగుతున్నారు.

ఒక ఇబ్బంది: 22 కాపీలయ్యాక పోగులు నలిగి అణిగిపోయాయి. 50 రావు. ఇంకో ముక్క కోయమంటే అమ్మ ఒప్పుకోదు. ఏం చెయ్యను?

పాత కంపోజిటర్ (మిర్యాలగూడ) | ఆదివారం ఉదయం 8.15

నాయనా, రెండో ముక్క వద్దు. తాత గొంగడిని ఉండనీ. లక్క పూత మూడోది, నాలుగోది వేసి, ఆరినాక మళ్లీ చూడు. నొక్కుడు తగ్గించు.

మగ్గం గుంత (పోచంపల్లి) | ఆదివారం మధ్యాహ్నం 1.20

వంటయ్యి తీరిగ్గా కూర్చున్నా. తమ్ముడూ, నీ 22 కాపీల చివరివి మసకగా వస్తే వాటినీ పెట్టు పుస్తకంలో. అరిగిన గొంగడి అరిగినట్టే పడాలి కదా?

నాకు వేరే సంగతి అడగాలని ఉంది. ఈ బొమ్మల కింద పెన్సిల్‌తో 3/50, 7/50 అని, అంటే యాభైలో మూడోది, ఏడోది అని రాయడం ఎందుకు? మా ఇంట్లో ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగుతాయి. ఏ చీరకూ నంబరు వెయ్యం. మూడో చీర కంటే మొదటి చీర గొప్పదని ఎవరూ అనరు. మా పనిలో బొమ్మ బట్ట మీద పడేది కాదు, నేయకముందే నూలు మీద ఉంటుంది. సైకిల్ ట్యూబు రబ్బరుతో కట్లు కట్టి, అద్దకం వేసి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ అద్దుతాం. మగ్గం ఎక్కేదాకా ఆ బొమ్మ ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. అంత చేసినా నంబరు లేదు. కాగితానికి ఎందుకు?

పానగల్లు నీడ (హైదరాబాద్) | ఆదివారం సాయంత్రం 4.05

అక్కా, నంబరు రాయడం ఒక మాట ఇచ్చినట్టు. ఇంతకంటే ఎక్కువ తీయను అని. పలక అరుగుతుంది, డ్రైపాయింట్ (ముల్లుతో నేరుగా గీసిన పలక) అయితే 15, 20 కాపీలకే గీత పక్కన ఉండే నూగు అణిగిపోతుంది. అందుకని మొదట్లో లెక్క పెట్టుకోవడం మొదలైంది. తర్వాత మార్కెట్ దాన్ని పట్టుకుంది. కొన్నవాడికి తన దగ్గర ఉన్నది అరుదు అన్న తృప్తి. అది మోసం కాదు, ఒప్పందం.

అయితే నాకు చేదు అనుభవం కూడా ఉంది. ఇక్కడ ఒక గ్యాలరీకి ఆరు ఎచింగులు (ఆసిడ్‌తో పలకను తినిపించి అద్దిన బొమ్మలు) ఇచ్చాను. అమ్మితే నలభై శాతం వాళ్లకు అన్నారు, సరే. ఒక్కటీ అమ్ముడుపోలేదు, అదీ సరే. తిరిగి ఇచ్చేటప్పుడు చూస్తే వెనకాల అట్టకు జిగురు మొత్తం పూసి అంటించేశారు. వదిలించబోతే కాగితం పొరలు పొరలుగా ఊడింది. అందులో ఒకటి మా ఊరి గుడి బొమ్మ, ప్లేటు కూడా అప్పటికే గీకేశాను, మళ్లీ తీయలేను. అప్పటి నుంచి బొమ్మ ఎవరికిచ్చినా పై అంచుకు కాగితపు కీలు మాత్రమే పెట్టమని రాసిచ్చి సంతకం తీసుకుంటున్నాను.

నా మాట ‘నీడ’. మాది పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒకే నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. ముందున్న స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగుతో అట్లా పడుతుందని చెప్తారు. చిన్నప్పుడు ఏ స్తంభం నీడో కనిపెడదామని ఒక్కో స్తంభం ముందు నిలబడేవాళ్లం. నీడ చెక్కుచెదరలేదు. దాన్ని ఎట్లా అచ్చు వెయ్యాలి? లినోలో నలుపు, తెలుపు రెండే. నాకు బూడిద కావాలి, అంచు లేని బూడిద.

అచ్చుగుద్దు (నల్లగొండ) | ఆదివారం సాయంత్రం 5.30

నీడ గారూ, అక్వాటింట్ (గీతలు కాకుండా బూడిద ఛాయలు వచ్చే ఎచింగ్) చెయ్యరా? మీకు ఎచింగ్ వచ్చు కదా.

పానగల్లు నీడ (హైదరాబాద్) | ఆదివారం సాయంత్రం 5.48

చెయ్యొచ్చు. ఆసిడ్‌తోనే భయం. అద్దె ఇల్లు, రెండో అంతస్తు, పైన ఓనరు.

కొత్తపిల్ల (వనపర్తి) | ఆదివారం సాయంత్రం 6.20

సార్, నైట్రిక్ వద్దు. మా కాలేజీలో జింకు మీద అదే వాడతారు, ఆ పొగకు నాకు రెండు రోజులు దగ్గు. మైలుతుత్తం, ఉప్పు సమానంగా నీళ్లలో కలిపితే జింకునూ అల్యూమినియాన్నీ తింటుంది, గోధుమరంగు పొగ రాదు. బుడగలు వస్తాయి, అది హైడ్రోజన్, కిటికీ తెరవాలి, దగ్గర్లో అగ్గి ఉండొద్దు. ప్లేటు మీద ఎర్రటి రాగి పొడి పేరుకుంటుంటే ఈకతోనో బ్రష్‌తోనో తుడుస్తుండాలి.

ప్లేటు కూడా కొనక్కర్లేదు. ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో వాడేసిన ప్లేట్లు అల్యూమినియమే. పాత సామాన్ల లెక్కన ఇస్తారు. డ్రైపాయింట్‌కు నేరుగా గీసుకోవచ్చు, నేను ఇంట్లో కంపాసు ముల్లుతో గీస్తాను. పలచగా ఉంటాయి, అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యకపోతే వేళ్లు తెగుతాయి.

దబ్బనం (మహబూబ్‌నగర్) | ఆదివారం రాత్రి 7.15

చెల్లె చెప్పింది బాగుంది కానీ వాడిన నీళ్లు మోరీలో పోయకండి. చేపలకు రాగి విషం. బకెట్లో పోసి బట్టల సోడా కలిపితే అడుగున మడ్డి దిగుతుంది, దాన్ని వేరే చెయ్యాలి. నల్లగొండ నీళ్లకు ఫ్లోరైడ్ బాధ చాలు, మనం కొత్తది కలపొద్దు.

పాత కంపోజిటర్ (మిర్యాలగూడ) | ఆదివారం రాత్రి 9.00

నంబరు గురించి అమ్మాయి అడిగిన మాట పొద్దంతా తిరిగింది నా బుర్రలో. మా పనిలో ఎన్ని ఎక్కువ పడితే అంత గొప్ప. వెయ్యి కరపత్రాలంటే వెయ్యీ పంచాలి. అచ్చు పుట్టిందే పంచడానికి.

మన జిల్లాలకు అచ్చు కొత్త కాదు. 1913లోనే మహబూబ్‌నగర్ నుంచి ‘హితబోధిని’ వచ్చింది. 1922లో నల్లగొండ నుంచి ‘నీలగిరి పత్రిక’. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ పెట్టాడు. తెలంగాణలో కవులే లేరన్న మాట వస్తే 1934లో 354 మంది కవులను ఒకే సంచికలో పెట్టి జవాబిచ్చాడు. ఆ 354 మంది పద్యాలు ఎవరో ఒకరు అక్షరం అక్షరం ఏరి స్టిక్కులో (వరుస పేర్చే చేతి పళ్లెంలో) పేర్చినవే. అట్లా పేర్చినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. నాకు ఎప్పుడూ ఆ చేతులే గుర్తొస్తాయి.

తెలుగు కేసు (అచ్చు అక్షరాల గళ్ల పెట్టె) ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇంగ్లీషుకు రెండు కేసులు చాలు. మనకు గుణింతాలు, ఒత్తులు కలిపి నాలుగు వైపులా గళ్లే. మధ్యలో నిలబడి చెయ్యి చాపితే చూడకుండా ‘క్ష’ చేతికి రావాలి. అక్షరం అద్దంలో ఉన్నట్టు, తలకిందులుగా పేరుస్తాం, అట్లాగే చదువుతాం. రిటైరై ఇన్నేళ్లైనా నాకు పేపరు తలకిందులుగా పట్టుకుంటే ఇంకా వేగంగా చదవగలను. మనవడు అందరికీ ఈ సంగతి చూపించి నవ్విస్తాడు.

గొంగడి (నారాయణపేట దగ్గర) | ఆదివారం రాత్రి 9.35

పెద్దాయనా, మీరు చెప్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. 1943 బెంగాల్ కరువు బొమ్మలతో చిత్రకారుడు చిత్తప్రసాద్ చిన్న పుస్తకం వేస్తే బ్రిటిష్ వాళ్లు కాపీలు జప్తు చేసి నాశనం చేశారు. ఆయన తర్వాత లినోకట్లు వేసింది కూడా కూలీలు, పిల్లల గురించే. ఆయన ఒక్కటే వేసి గోడకు తగిలించుంటే ఎవరు భయపడేవాళ్లు? ఎక్కువ ఉన్నందుకే భయం. నా ఓటు నంబరు వద్దు అన్నవైపు.

పానగల్లు నీడ (హైదరాబాద్) | ఆదివారం రాత్రి 9.58

తమ్ముడూ, కరపత్రం వేరు, ఇది వేరు. నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లో తోటి కళాకారులతో కలిసి ఒకే ప్లేటు మీద చిక్కదనం తేడా ఉన్న రంగులు వేసి, ఒకేసారి అద్దే పద్ధతిని సాధించాడు. ఒక్క ప్లేటు మీద నెలల పని. అట్లాంటి పనిని కరపత్రం ధరకు అమ్మమంటే చేసేవాడు ఏం తినాలి? నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ ఎచింగులకు ఈ రోజు ఉన్న గౌరవం ఊరికే రాలేదు. నంబరు రాసుకున్నా తప్పు లేదు, ధర పెట్టినా తప్పు లేదు. మన పని మనమే చవక చేసుకోవద్దు అంటున్నా.

మగ్గం గుంత (పోచంపల్లి) | ఆదివారం రాత్రి 10.15

చవక చేసుకోవద్దన్న మాట నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు తమ్ముడూ. పవర్‌లూమ్ మీద అచ్చం మా డిజైన్ ప్రింటు కొట్టి పావు ధరకు అమ్ముతున్నారు. నేను అన్నది ధర వద్దని కాదు. నంబరు చూసి ధర పెట్టొద్దు, పని చూసి పెట్టమని.

అచ్చుగుద్దు (నల్లగొండ) | సోమవారం రాత్రి 8.50

ఇద్దరూ నన్ను ఆలోచనలో పడేశారు. ఇంట్లో లెక్క వేశాను. కాగితం, లినో, ఇంకు, దారం, అట్ట గుడ్డ కలిపితే ఒక కాపీకి 210 రూపాయలు తేలింది. మా కూలి అందులో లేదు. కూలి కలిపితే ఎవరూ కొనరు, కలపకపోతే మా ఇంట్లో అడుగుతారు.

మా నలుగురు పాలమూరు వాళ్లలో ఒకాయన ఇక్కడ రాయడు కానీ ఆయన పని గురించి చెప్పాలి. వాళ్ల నాన్న బొంబాయికి వలస వెళ్లి మేస్త్రి దగ్గర పనిచేసేవాడు. ఇంటికి పోస్టుకార్డులు రాయించి పంపేవాడు, తనకు రాయడం రాదు. ఆ కార్డులు 31 దొరికాయట. వాటిని అట్లాగే అంటించకుండా, ప్రతి కార్డు లోంచి ఒక్క వాక్యం తీసుకుని లినోలో చెక్కి, మడతల పుస్తకం చేశాడు, మన పిల్లలు కాగితంతో విసనకర్ర మడుస్తారే, అట్లా. మూసి ఉంటే అరచేతిలో పడుతుంది. విప్పితే వాళ్ల ఇంటి గడప నుంచి బయట వేపచెట్టు దాకా వచ్చింది. “పైసలు పంపిన, అందినయా” అన్న వాక్యం ఏడుసార్లు ఉంది. ఏడుసార్లూ వేర్వేరు చేతిరాతలు, ఎందుకంటే ప్రతిసారీ వేరే ఎవరితోనో రాయించాడు. ఆయన ఆ చేతిరాతలు ఎవరివో పోల్చుకోవాలని చూస్తున్నాడు ఇప్పుడు.

దానికి ఒక్కటే కాపీ. అమ్మమని ఎవరో అడిగితే “ఇది విప్పడానికి మా ఇంటి ముందు జాగా కావాలి, మీకుందా?” అన్నాడట.

దబ్బనం (మహబూబ్‌నగర్) | సోమవారం రాత్రి 9.20

ఆయన్ని నాకు తెలుసు. ఆ మడతలకు అతుకులు నేనే వేసిచ్చాను. 31 కార్డుల పొడవుకు ఒకే కాగితం దొరకదు కదా. అతుకు పడ్డచోట వేలు పెట్టి “ఇక్కడ బస్సు మారాలి” అన్నాడు.

పాత కంపోజిటర్ (మిర్యాలగూడ) | మంగళవారం ఉదయం 7.30

అందరికీ ఒక కబురు. నల్లగొండలో నాకు తెలిసిన పాత ప్రెస్సు ఒకటి మూసేస్తున్నారు. ట్రెడిల్ మిషన్ (కాలితో తొక్కే అచ్చు యంత్రం) ఉంది, నడిచేదే. ఇనుము ధరకు తూకం వేసి పట్టుకెళ్తానని ఒకతను వచ్చి చూసిపోయాడు. సీసం అక్షరాలైతే పోయిన ఏడాదే కరిగించడానికి వెళ్లిపోయాయి. వాల్‌పోస్టర్లకు వాడే చెక్క అక్షరాలు రెండు పెట్టెలు మిగిలాయి. ఎవరైనా వెళ్లి చూస్తారా? నా మోకాళ్లు సహకరించడం లేదు.

ట్రెడిల్ దొరికితే మీ లినోలు అందులో తొక్కొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, అక్షరం ఎత్తు 0.918 అంగుళాలు. లినోను చెక్క దిమ్మె మీద అంటించి సరిగ్గా ఆ ఎత్తుకు తేవాలి. తక్కువైతే అడుగున కాగితాలు పెట్టి లేపాలి. ఎక్కువైతే మిషన్ తింటుంది.

అచ్చుగుద్దు (నల్లగొండ) | బుధవారం రాత్రి 9.15

స్కూలు అయ్యాక వెళ్లొచ్చాను. మిషన్ దగ్గర నిలబడి చాలాసేపు చూశాను. ఇంకు పళ్లెం మీద చెయ్యి పెడితే ఇంకా జిడ్డుగా ఉంది. కానీ ఎక్కడ పెట్టాలి? దాన్ని లేపడానికి ఆరుగురు కావాలన్నారు. మా ఇల్లు మొదటి అంతస్తు. స్కూల్లో అడిగితే “కాలి మీద పడితే ఎవరిది బాధ్యత” అన్నారు, వాళ్లన్నదీ నిజమే. మిషన్‌ను వదులుకున్నాను. వచ్చేటప్పుడు ఏడుపొచ్చింది, దాచుకోను.

చెక్క అక్షరాలు మాత్రం తెచ్చాను, రెండు పెట్టెలూ. ఆయన డబ్బులు వద్దన్నాడు, బలవంతంగా ఐదు వందలు చేతిలో పెట్టాను. ఇంట్లో నేల మీద పరిచి చూస్తే సగం లేవు. ‘ళ’ ఒక్కటీ లేదు. ‘దూ’ లేదు, కాబట్టి దూప పోయింది. ‘మో’ ఉంది, ‘ట’ ఉంది, మోట బతికింది. ‘గొ’ ఉంది, ‘గ’ ఉంది, ‘డి’ని ఎలుక కొరికింది. అన్నిటికంటే విచిత్రం, ‘ల’, ‘మూ’, ‘రు’ మూడూ ఉన్నాయి, ‘ప’ కూడా ఉంది, ‘పా’ లేదు.

కొత్తపిల్ల (వనపర్తి) | బుధవారం రాత్రి 9.22

అయ్యో అక్కా, మళ్లీ ‘పా’నేనా!!

గొంగడి (నారాయణపేట దగ్గర) | బుధవారం రాత్రి 9.40

ఎలుక కొరికిన ‘డి’ నాకు కావాలి. అట్లాగే అద్దుదాం. కాలిన రంధ్రం పక్కన కొరికిన ‘డి’ బాగుంటుంది.

పాత కంపోజిటర్ (మిర్యాలగూడ) | బుధవారం రాత్రి 10.05

లేని అక్షరాలు చెక్కుకోవాల్సిందే, మేమూ అదే చేసేవాళ్లం. పోస్టరుకు అక్షరం తక్కువైతే వడ్రంగి దగ్గరకు పరుగు. ‘ళ’ నేను చెక్కుతాను. చెయ్యి వణుకుతుంది కానీ ‘ళ’ కొంచెం వణికినా ఫర్వాలేదు. మనవడితో పంపిస్తాను. చెక్క అక్షరాల ఎత్తుకు మీ లినో దిమ్మె సరిపోయేట్టు చూసుకోండమ్మా, లేకపోతే ‘పా’ ఒక్కటే మసకగా పడుతుంది.

మగ్గం గుంత (పోచంపల్లి) | గురువారం మధ్యాహ్నం 2.10

అట్టలకు గుడ్డ నేను ఇస్తాను. మగ్గం దిగిన కొసలు, కట్టు తప్పి బొమ్మ చెదిరినవి, పక్కన పడేసిన ముక్కలు చాలా ఉన్నాయి. 50 అట్టలకు 50 రకాలు వస్తాయి, ఒకదానిలా ఒకటి ఉండదు. అప్పుడు నంబరు గొడవే లేదు, ఎవరికి ఏ అట్ట నచ్చితే అది.

పానగల్లు నీడ (హైదరాబాద్) | గురువారం రాత్రి 8.30

అక్కా, గెలిచారు. సగం. నా పేజీ కింద నేను మాత్రం పెన్సిల్‌తో నంబరు రాస్తాను. మిగతా పేజీలు మీ ఇష్టం. నీడ అక్వాటింట్ నాలుగో ప్రయత్నంలో కుదిరింది. అంచు కనిపించడం లేదు.

అచ్చుగుద్దు (నల్లగొండ) | శనివారం రాత్రి 11.05

ఇవాళ మధ్యాహ్నం ‘పా’ చెక్కాను. ఎండకు లినో మెత్తబడి వెన్నలా తెగింది, ఒకచోట ఉలి జారి దీర్ఘం తోక కొంచెం పొడుగైంది. సందు పెద్దాయన చెప్పినట్టు ఎబ్బెట్టుగా, పెసరగింజ దూరేంత పెట్టాను. అడుగున రెండు పోస్టుకార్డు ముక్కలు పెడితే ఎత్తు సరిపోయింది. రోలరు చప్పుడు విని, ఇంకు రెండుసార్లు తగ్గించి, అద్దాను.

‘పాలమూరు’ అనే పడింది. మా ఆయన్ని పిలిచి చదవమన్నాను. తోక చూసి “పా కాలు చాపుకుని కూర్చుంది” అన్నాడు.

రేపు పదింటికి మా ఇంట్లోనే కుట్టుడు. దబ్బనాలు అన్న తెస్తాడు, అట్ట గుడ్డ అక్క నిన్ననే బస్సుకు వేసింది, వచ్చింది. సర్వపిండి నేను చేస్తున్నా. తినేసి చేతులు కడుక్కున్నాకే కాగితం ముట్టుకోవాలి, నూనె మరక పడితే చెప్పను, కొడతాను. ధర సంగతి రేపు అందరం కూర్చున్నప్పుడు తేలుద్దాం, తేలకపోతే ఇంకో వారం.